పొంగాల్సిన పాలు

పాలగిన్నెను రోడ్డు మీదికి తీసుకుపోదామని అన్నది నేనే. ఇంకెవరినీ అనడానికి లేదు. సరిగ్గా రథసప్తమి నాడే జనగామలో వంటా వార్పు పెట్టారు జేఏసీ వాళ్లు. ఆ రోజు ఎవరూ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. అందరూ హైదరాబాద్-వరంగల్ రోడ్డు మీదే వండుకోవాలి, అక్కడే తినాలి, తెలంగాణ ఇస్తామనేదాకా ఒక్క బండిని కదలనివ్వకూడదు. మా ఆయన ప్రతాప్ ఆ కమిటీలో ఉన్నాడు. మా ఇంటి ఆడవాళ్లంతా ముందు వరుసలో కూర్చుంటారని ఊరంతా చెప్పి వచ్చి, ఆఖరికి అన్నం తింటూ మాకు చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా అత్త మాణిక్యమ్మ రథసప్తమికి వాకిట్లో పాలు పొంగించకుండా గడప దాటే మనిషి కాదు. ఆ ఏడు అసలే దాటదు. నా ఆడబిడ్డ శ్రీలత మా ఇంట్లోనే మంచం పట్టి ఉంది. ఆమెను భూపాలపల్లిలో ఇచ్చాం. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఏడో నెల. మంచం దిగితే నా పూచీ లేదని డాక్టరమ్మ చెప్పేసింది. అత్త సూర్యుడికి మొక్కుకుంది. పిడకల మంట మీద, ఎండకు ఎదురుగా పాలు పొంగితే శ్రీలత కడుపు పండినట్టే. పొంగేదాకా మంచినీళ్లు కూడా ముట్టనంది. అంత గట్టి మొక్కు ఆమె ఎప్పుడూ మొక్కలేదు.

కొడుకు ఉద్యమం అంటాడు, తల్లి మొక్కు అంటుంది. మధ్యలో నలిగేది నేను. విసుగొచ్చి అన్నాను: "సూర్యుడు మన వాకిట్లకే వస్తడా, రోడ్డు మీదికి రాడా? పాలు ఆడనే పొంగియ్యి అత్తమ్మా."

అత్త కాసేపు ఆలోచించింది. రోడ్డు మీద నీడ అడ్డం రాదు, ఎండ బాగా పడుతుంది అని ఒప్పుకుంది. నేనేదో గెలిచినట్టు ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

తెల్లవారకముందే అత్త తల మీద, భుజాల మీద జిల్లేడాకులు, రేగుపండ్లు పెట్టుకుని చన్నీళ్లు పోసుకుంది. శ్రీలతను లేవనివ్వలేదు. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, ఒక జిల్లేడాకు నెత్తిన ఉంచి తీసింది. చిక్కుడుకాయలకు చీపురుపుల్లలు గుచ్చి సూర్యుడికి రథం చేసింది. తట్టలో పిడకలు, ఇత్తడి గిన్నె, కొత్త బియ్యం, బెల్లం సర్దింది. పరమాన్నాన్ని గరిటెతో కాదు, చెరుకుగడతో కలపాలట, అదీ పెట్టింది. తట్ట నా నెత్తికెత్తింది. మోయక చస్తానా!

రోడ్డు పొడుగునా పొయ్యిలే. తండా నుంచి వచ్చిన తుల్సీబాయి ఒకవైపు జొన్నరొట్టెలు కొడుతోంది. మా పక్కనే దిల్షాద్ బేగం పెద్ద డేగిశాలో బగారా అన్నం ఎక్కించింది. రైల్వే స్టేషన్ దగ్గర ఆమెకూ ఆమె భర్త ఇస్మాయిల్‌కూ చాయ్ హోటల్ ఉంది. మాకు గోడవతల ఇల్లు. శ్రీలత చిన్నప్పుడు ఆమె చంక దిగేది కాదట. నేను ఆమెను ఆపా అంటాను. ఆమె మా అత్తను అక్కా అంటుంది.

సూర్యుడు పైకొచ్చాడు. అత్త మూడు రాళ్ల మీద గిన్నె పెట్టి పిడకలు అంటించింది. తూర్పుకు తిరిగి, చేతులు జోడించి, కళ్లు మూసుకుంది. నేను పక్కకు తిరిగి బియ్యం కడుగుతున్నాను. తల తిప్పేసరికి పాలు అంచుదాకా లేచి నురగ కట్టాయి. ఇంకొక్క క్షణం ఆగితే పొంగేవి. దిల్షాద్ ఆపా చటుక్కున వంగి గుప్పెడు నీళ్లు చల్లింది. పాలు చప్పున కిందికి కూర్చున్నాయి.

ఆమె తప్పేముంది! పొద్దున లేస్తే పొయ్యి మీద పాలు కాపలా కాసే మనిషి. హోటల్లో పాలు పొంగిపోతే ఆ పూట గిరాకీ పోయినట్టే. ఆలోచన కంటే ముందు చెయ్యి కదిలింది. ఇది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు కళ్లు కనపడలేదు.

"నీ చెయ్యి ఊకుండదా ఆపా? గిది నీ చాయ్ హోటల్ అనుకున్నవా?" అని మొదలుపెట్టి నోటికొచ్చినన్ని అన్నాను. పక్క పొయ్యిల వాళ్లు వంట ఆపి చూశారు. పాలు పోతాయని చల్లానని ఆపా అంటూనే ఉంది, నేను విననే లేదు. అత్తే నా చెయ్యి పట్టుకుని ఆపింది. తెలియక చేసింది, ఊరుకో అంది. కానీ అత్త ముఖంలో నెత్తురు లేదు.

పాలు పొంగితే మంచిదెట్లా అవుతుందని ఆపా నెమ్మదిగా అడిగింది. అత్త చల్లారిన గిన్నెను చూస్తూ చెప్పింది.

"సూర్యుని తల్లి అదితమ్మ. కడుపుతోని ఉండి ఉపాసాలు పట్టింది. కడుపుల గుడ్డును సంపుకుంటున్నవా అని మొగడు కోపానికొచ్చిండు. సచ్చిన గుడ్డు అనిపిచ్చుకున్న దాంట్లకెల్లే సూర్యుడు పుట్టిండు. గందుకే ఆయనకు మార్తాండుడని పేరు. పుట్టింది ఇయ్యాల్నే. బిడ్డ పుడితే తల్లికి పాలు పొంగుతయి కద. ఇయ్యాల మనం పొంగిచ్చేటియి గా పాలే."

 "శ్రీలత కోసమా అక్కా?" అంది ఆపా. అత్త తలూపి, పొంగేదాకా మంచినీళ్లు కూడా ముట్టనని మొక్కానంది. ఆపా రెండు చేతులతో నోరు మూసుకుంది. నేనన్న మాటలకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకు.

మా పిడకలు అప్పటికే బూడిదయ్యాయి. పక్క పొయ్యి నుంచి కట్టెలు తెస్తానంటే అత్త వద్దంది. సూర్యుడి పాలకు పిడకల మంటే కావాలి. ఆపా కళ్లు తుడుచుకుని లేచింది. హోటల్‌కు పాలు పోసేవాళ్ల బర్రెల కొట్టం రైల్వే స్టేషన్ వెనకాల ఉంది. బుర్ఖా అంచు ఎత్తిపట్టి ఉరికింది. వచ్చేటప్పుడు ఒడి నిండా పిడకలు ఉన్నాయి. తనే ఊది మంట రాజేసింది. పొగకు దగ్గుతూనే కూర్చుంది, కానీ పక్కకు జరగలేదు.

అప్పుడే పోలీసు వ్యాన్లు వచ్చాయి. రోడ్డు ఖాళీ చేయమని మైకులో చెప్పారు. ఎవరూ లేవలేదు. ముందు మగవాళ్లను ఎత్తుకెళ్లారు. ప్రతాప్‌ను నలుగురు మోసుకుపోతుంటే అత్త తల తిప్పి చూడలేదు. ఆమె చూపు గిన్నె మీదే ఉంది. తర్వాత ఆడ కానిస్టేబుళ్లు మా వైపు వచ్చారు. ఆపా లేచి వాళ్లకు ఎదురెళ్లింది.

"మా అక్క లేవదు. మీకు మనిషే కద కావాలె, నన్ను తీస్కపోండ్రి. గీ పొయ్యి నాదే," అంది.

వాళ్లు ఆమె రెక్క పట్టుకున్నారు. వ్యాన్ ఎక్కేదాకా మెడ తిప్పి గిన్నె వైపే చూసింది. నన్ను గిన్నె చూసుకోమంది. అన్ని మాటలు పడి కూడా నన్ను బిడ్డా అనే పిలిచింది.

వ్యాన్ కదిలింది. గిన్నె అంచుల్లో బుడగలు మొదలయ్యాయి. మళ్లీ నురగ లేస్తోంది.  ఇంతలో వ్యాన్లకు అడ్డం పడదామని మా కుర్రాళ్లే గుంపుగా ఉరికారు. ఎవరి కాలు తగిలిందో తెలియదు. తగిలినవాడికీ తెలియదు. గిన్నె బోర్లా పడింది. పాలు తారు మీద పారి, పిడకల్లో పడి చుయ్‌మన్నాయి. పొంగలేదు. ఒలికిపోయాయి.

అత్త ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. గిన్నె తీసి కొంగుతో తుడిచింది. ఇంటికి పోదాం పద అంది. ఇంట్లో శ్రీలత మంచం మీద నుంచే, "అమ్మా, పొంగినయా?" అని అడిగింది. నేను వంటింట్లోకి తప్పుకున్నాను. తర్వాత చెప్తాను పడుకోమంది అత్త. మధ్యాహ్నం నేను నీళ్లిస్తే పక్కకు నెట్టింది. పాలు మళ్లీ కాగబెడదామా అంటే, కిందపడ్డాక ఇంకేముంది అంది. ఎండ దిగేదాకా తులసి గద్దె దగ్గర కూర్చుని ఉంది. ఆ రోజు ఆమెను చూస్తే నాకు భయమేసింది. మొక్కు తప్పింది, మూడోది కూడా పోతుందని ఆమె నమ్మేసిందని నాకు తెలుసు.

పొద్దుగూకే వేళ ఇస్మాయిల్ వచ్చాడు. పట్టుకుపోయిన ఆడవాళ్లందరికీ పోలీస్ స్టేషన్‌లో అన్నం, నీళ్లు ఇచ్చారట. దిల్షాద్ మాత్రం చుక్క నీళ్లు ముట్టలేదట. పాలు పొంగాయా అని వచ్చినవాళ్లనీ పోయినవాళ్లనీ అడుగుతోందట. పొంగేదాకా అక్క నీళ్లు తాగదు, చెడగొట్టింది నేను, నేనెట్లా తాగుతాను అంటోందట. ఆమెకు షుగర్ ఉంది, పరేషాన్ అవుతున్నా, మీరొచ్చి ఒక మాట చెప్పండి అని బతిమాలాడు.

 అత్త లేచి చెప్పులేసుకుంది. ఏం చెప్తావని దారిలో నేనడిగితే నడక వేగం పెంచింది.

స్టేషన్ వరండాలో ఆపా గోడకు ఆనుకుని కూర్చుంది. పెదాలు ఎండిపోయాయి. మమ్మల్ని చూడగానే లేవబోయి లేవలేకపోయింది.

"అక్కా, పొంగినయా?"

"పొంగినయి," అంది అత్త.

ఆపా నా వైపు చూసింది. నేను చూపు దించుకున్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, ముఖంలో దాచడం అంతకన్నా చేతకాదు. ఆపా మళ్లీ అత్త వైపు తిరిగింది.

"అయితే నీళ్లు తాగినవా?"

అత్త పక్కనున్న ఆడ కానిస్టేబుల్‌ను ఒక గ్లాసు నీళ్లడిగింది. నేను అత్త చెయ్యి పట్టుకోబోయాను. ఆ నీళ్లు తాగితే మొక్కు తన చేతులారా తెంచుకున్నట్టే. బిడ్డ కోసం దాచుకున్న ఆఖరి ఆశ అది. నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. అత్త నా చెయ్యి మెల్లగా పక్కకు తీసింది. గ్లాసు ఎత్తి, ఆపా కళ్లలోకి చూస్తూ, ఎక్కడా ఆగకుండా నీళ్లన్నీ తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

ఆపా కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. అల్లా అనుకుంటూ గ్లాసు కోసం చెయ్యి చాపింది. అత్త మళ్లీ నీళ్లు పోయించి, తనే ఆమె నోటికి అందించింది.