ఎర్రనోటి రోజుకు ముందు

"శుక్రవారం మాత్రం వద్దు డాక్టరమ్మా, మీకు పుణ్యముంటుంది! క్యాలెండర్లో అది ఎర్రనోటి రోజు, పరమ చెడ్డది. నెత్తురూ నిప్పూ కళ్లజూసే రోజు. గురువారం బంగారంలా ఉంది, ఆ రోజే ఎక్కించండి," అని బతిమాలింది కివా అవ్వ.

తొయామా ఊళ్లో ఇలాంటి అవ్వలకు కొదవలేదు. జబ్బు నయమైనా సరే, మంచిరోజు వచ్చేదాకా ఆసుపత్రి మంచం దిగరు. డాక్టర్ చిగుసాకు ఈ పట్టింపుల్లేవు. కానీ కివా మనవరాలు సుజునోకు అయిదేళ్లొచ్చినా నిలబడే బలం లేదు. కండరాలు రోజురోజుకూ కరిగిపోతున్నాయి. చిగుసా ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేసిన మందు మొట్టమొదట ఎక్కేది ఆ పసిదానికే. అనుమతులన్నీ వచ్చేశాయి. పోనీలే, పెద్దావిడ మనసెందుకు కష్టపెట్టాలని సరేనంది.

శుక్రవారం ఎందుకు పెట్టుకుందో చిగుసాకు గుర్తులేదా అంటే, ఉంది. అదే మందు ఇచ్చిన ముసలి ఎలుకల్ని గురువారం సాయంత్రం ఆఖరుసారి చూసుకోవాలని తనకు తానే పెట్టుకున్న నియమం. ప్రభుత్వం అడిగింది కాదు. ఇన్నాళ్లూ అవి చలాకీగానే తిరిగాయి. ఒక్క పూటలో ఏం మునిగిపోతుందిలే అనుకుంది. అంత చదువూ చదివి అక్కడే కాలు జారింది.

గురువారం మధ్యాహ్నం సుజునో చేతికి మందు మొదలుపెట్టి, మనసాగక ఎలుకల గదికి వెళ్లింది. లోపల అలికిడి లేదు. మొదటి పెట్టెలో రెండు ఎలుకలు మూలకు ఒదిగి, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నాయి. మూడోది చచ్చి పడుంది. కోసి చూస్తే గుండె ఉబ్బిపోయి ఉంది. పక్క పెట్టెలోనూ అదే వరస. చిగుసా అక్కణ్నుంచే వార్డుకు ఫోన్ చేసింది.

"నోబుకా, ఆపు! మందు ఆపెయ్!"

"ఇందాకే అయిపోయిందిగా అక్కా," అంది నర్సు నోబుకా సంబరంగా. "చుక్క మిగల్లేదు. పాప కిమ్మనలేదు తెలుసా!"

ఒంట్లోకి పోయాక ఆ మందును వెనక్కి లాగే దారి లేదు. గుండె డాక్టర్లను వెంటనే పిలవమని చెప్పి, చిగుసా మెట్లమీద పరుగెత్తింది.

వార్డు గుమ్మంలోనే కివా ఎదురొచ్చి నడుం వంచి, వంగిన మనిషి వంగినట్టే ఉండి, "మీ హస్తవాసి మంచిది తల్లీ," అంది.

"దండాలొద్దు అవ్వా, లేవండి." చిగుసా గొంతు తగ్గించింది. "ఎలుకల గుండెలు పాడయ్యాయి. పాపకూ అలా కావచ్చు, కాకపోనూ వచ్చు. సాయంత్రం దాకా ఆగుంటే ఈ మందు ఎక్కించేదాన్నే కాదు."

కివా మెల్లగా నడుం ఎత్తింది. మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "ఇవాళే కావాలన్నది నేనే కదమ్మా?"

"ఒప్పుకున్నది నేను. తప్పు నాదే అవ్వా."

ఇవేవీ వినబడని సుజునో మంచం మీంచి చెయ్యూపింది.

"డాక్టరక్కా, ఇలా రా! ఇక్కడ దడదడా కొట్టుకుంటోంది, చెయ్యి పెట్టి చూడు! మందు పనిచేస్తోందన్నమాట, కదూ?"