ఎర్రచుక్క కంచం

అన్ని గిన్నెలతో పాటే కడిగినా, అడుగున ఎర్రచుక్క ఉన్న కంచాన్నీ గ్లాసునీ కోడలు విడిగా బోర్లించింది. చుక్క పెట్టింది అత్తగారు, నెయిల్ పాలిష్ మాత్రం కోడలిదే. కడుపుతో ఉన్న కోడలికి మూడో నెల రక్తపరీక్షలో హెపటైటిస్-బి ఉందని తేలిన రోజు నుంచీ ఇదే వరస. ఆమె చేతివంట అందరూ లొట్టలేసుకుంటూ తినొచ్చట, ఆమె తిన్న కంచం మాత్రం ఎవరూ ముట్టకూడదట. ఏం శాస్త్రమో మరి.

కంచాల వల్ల అంటదని నర్సు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. బిడ్డ పుట్టిన రోజే టీకాలు వేయిస్తే చాలావరకు కాపాడుకోవచ్చంది. ఇంట్లోవాళ్లూ పరీక్ష చేయించుకోవాలంది. "నాకేం రోగం? మా ఇంటా వంటా లేదు. నీకెక్కణ్నించి వచ్చిందో నువ్వే ఆలోచించుకో" అన్నాడు భర్త. ఆ మాట ముల్లులా దిగింది. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా, నువ్వైనా నన్ను నమ్ముతావా అని అడిగేది.

తమ ఇంట్లో ఎవరికీ లేదని తేల్చడానికని అత్తగారు వెళ్లి రక్తం ఇచ్చింది. ఫలితం తీసుకుని అత్తాకోడళ్లు బస్సులో తిరిగొచ్చారు. దిగాక అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది.

"నాకూ ఉందట. ఏళ్ల నాటిదై ఉంటుందట. ఎవరి నుంచి ఎవరికో చెప్పలేమంది నర్సు. కానీ, వాణ్ని కన్నప్పుడే వాడికి అంటిందేమో... అబ్బాయితో అనకమ్మా."

కోడలికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అత్తగారు పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"అననులెండి అత్తయ్యా."

భోజనాల దగ్గర భర్త మళ్లీ అదే పాట. "అనుమానమని కాదు, ఊరికే అడుగుతున్నా. నీకెలా వచ్చింది?" ఒక్క మాటంటే గెలిచేది. ఇచ్చిన మాటకు కట్టుబడి, వడ్డిస్తూ తల వంచుకుంది. కళ్లు నిండాయి.

అత్తగారు లేచి వెళ్లి, ఎర్రచుక్క కంచం తెచ్చుకుని అందులో వడ్డించుకుంది.

"అమ్మా, అది తనది కదా?"

"నాదీనూ. నాకూ ఉందిరా. రేపు నువ్వూ వెళ్లి రక్తం ఇచ్చిరా."

అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కోడలు అలమరలోంచి చుక్కలేని కంచం తీసుకుంది. ఎప్పుడూ అందరూ లేచాక తినే మనిషి, వచ్చి అతని పక్కనే కూర్చుంది.

"పొద్దున ఎనిమిదింటికే రమ్మంటారు. భయపడకండి, నేనూ వస్తాను" అంది మెల్లగా. "ఎక్కణ్నించి వచ్చిందని మాత్రం అడగను."