నాలుగో గ్లాసు

వనజకు వైదేహి మీద నమ్మకం ఏ కోశానా లేదు. డాక్టరమ్మ అన్నాక సూది వెయ్యాలి, మందు రాయాలి. ఈవిడేమో తార్నాకలో మేడమీద గదిలో చాప పరిచి, ఇంటిల్లిపాదినీ రమ్మంటుంది. బిడ్డకు మాట పడిపోతే ఇంట్లో ఎవరు ఎవరి పక్కన పడుకుంటారో ఆమెకెందుకు? అన్నం ఎవరు కలిపి పెడతారు, ఇంటికి ఎవరెవరు వచ్చిపోతుంటారు? నయం చేసే మనిషిలా లేదు, ఆరా తీసే మనిషిలా ఉంది. ఫోన్ మోగితే వరండాలోకి పోయి మాట్లాడుతుంది. పైగా కోస్తా యాస. తెలంగాణ కోసం యూనివర్సిటీ అట్టుడికిపోతున్న ఆ రోజుల్లో వనజకు ఆ యాస వింటేనే ఒళ్లు మండేది.

"గామె పోలీసోళ్ల మనిషే," అంది మొగుడితో.

"ఊకో. బిడ్డ కోసమన్న పోదాం," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

వనజ భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె తమ్ముడు భూపాల్ క్యాంపస్‌లో ఎమ్మే చదువుతూ, అక్క ఇంట్లోనే ఉంటూ ఉద్యమంలో తిరిగాడు. లైబ్రరీ అటెండరైన బావకు ఇచ్చిన క్వార్టర్స్‌కు పోలీసులు అతని కోసం వచ్చిపోయారు. ఆరోజే టియర్ గ్యాస్ పొగ ఇంట్లోకి కమ్ముకుంది. అప్పటి నుంచి ఏడేళ్ల అఖిల నోరు విప్పలేదు. పొగకు జడుసుకుందన్నారు అందరూ. తాయెత్తు కట్టించారు, గొంతు డాక్టరుకు చూపించారు. చివరికి బడిలో టీచరు, పిల్లల మనసుకు వైద్యం చేస్తుందని చెప్పి, వైదేహి దగ్గరకు పంపింది. భూపాల్ మాత్రం గోల్నాకలో ఓ దూరపు చుట్టం ఇంట్లో దాక్కున్నాడు.

మళ్లీ వెళ్లిన సాయంత్రం వైదేహి చాప మీద స్టీలు గ్లాసులు పెట్టింది. "అఖిలా, మీ ఇంట్లో అందరికీ తలా ఒక గ్లాసు పెట్టమ్మా."

పిల్ల నాలుగు గ్లాసులు వరసగా పెట్టింది. తల్లి మొహం చూసింది. గబుక్కున ఒకటి వెనక్కి తీసి ఒళ్లో దాచుకుంది.

"మేం ముగ్గురమే మేడం," అంది వనజ. లక్ష్మీనర్సయ్య నేలచూపులు చూశాడు.

వైదేహి గొంతు తగ్గించింది. "పాప భయపడి మాట మానెయ్యలేదండీ. ఎవరినో కాపాడుతోంది. ఆ రోజు మీరు తనకేమైనా చెప్పారా?"

వనజ భగ్గుమంది. "మీకెందుకు? ఎవరు పంపిండ్రు మిమ్మల్ని? మా ఇంట్ల ఎవరుంటే ఎవరికి చెప్తరు?"

"ఆ నాలుగో మనిషి ఎవరో, ఎక్కడున్నారో నాకు చెప్పకండి. నాకు తెలియక్కర్లేదు. పాపకు ఏం చెప్పారో గుర్తు తెచ్చుకోండి, చాలు."

వనజకు గుర్తొచ్చింది. తలుపు దబదబా బాదుతుంటే, బిడ్డ నోటికి చెయ్యి అడ్డుపెట్టి చెవిలో తనే అంది, "నోరు తెరిచినవంటే మామను పట్టుకపోతరు." పోలీసులు పోయాక చెయ్యి తీసింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. పిల్ల ఇన్నాళ్లూ ఆ మాటకే కట్టుబడి ఉందని ఆ తల్లికి తట్టనే లేదు.

బిడ్డను దగ్గరకు లాక్కుంది. "మాట్లాడు బిడ్డా. తప్పు నాది. మామకు ఏం గాదు. ఇగ మాట్లాడొచ్చు."

అఖిల తల్లిని చూసింది. వైదేహిని ఎగాదిగా చూసింది, అచ్చం తల్లి చూసినట్టే. తర్వాత తల్లి చెవి దగ్గరకు జరిగి, బొంగురుపోయిన గొంతుతో అంది:

"ఆమె పొయినంక."

ఆ మాట గదిలో అందరికీ వినబడింది. వనజకు ఏడుపూ వచ్చింది, సిగ్గూ వేసింది. వైదేహి చప్పుడు చెయ్యకుండా లేచి, తన గదిలోంచి తనే బయటికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసింది.