బడి మలుపు కెమెరా

బడి మలుపులో స్పీడ్ కెమెరా బిగించింది మున్సిపాలిటీ మెకానిక్కే. అక్కడ పిల్లల్ని రోడ్డు దాటించేది అతని బావ. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, బడి పెట్టే వేళా వదిలే వేళా ‘ఆగుము’ అని రాసిన పలక పట్టుకుని నిలబడేవాడు.

“నేను నోరు చించుకున్నా ఆగనివాళ్లు, నీ ఒంటికన్ను పెట్టెను చూడగానే పెళ్లికూతుళ్లలా నడుస్తున్నారోయ్ బావమరిదీ!” అని నవ్వేవాడు.

మొదటి నెల చలాన్లు కుప్పలుగా వెళ్లాయి. ఏడాది తిరిగేసరికి వారానికి ఒకటో రెండో. జనం దారికొచ్చారని మెకానిక్ లోలోపల పొంగిపోయేవాడు.

ఒకరోజు మున్సిపల్ ఇంజనీరు పిలిచాడు. “ఆ కెమెరా తీసి వంతెన దిగుడులో పెట్టు.”

“అక్కడ రోడ్డు దాటేవాళ్లే ఉండరు కదండీ.”

“ఉండరు. కానీ బళ్లు వాటంతటవే వేగం అందుకుంటాయి. బడి దగ్గరది ఏమీ పట్టడం లేదు.”

“పట్టడం లేదంటే పనిచేస్తోందనే కదండీ!”

ఇంజనీరు చెడ్డవాడేం కాదు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. “నాకు తెలీదా? వీధిదీపాలు, చెత్తబళ్ల డీజిలు, మన జీతాలు... అన్నిటికీ చలాన్ల డబ్బులే నమ్ముకున్నారు పైవాళ్లు. ఇంకో కెమెరా కొనండని రెండుసార్లు రాశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.”

కాదంటే ఉద్యోగం ఉండదు. మర్నాడు మెకానిక్ నిచ్చెన ఎక్కాడు. కింద బావే దాన్ని పట్టుకున్నాడు.

“ఏంటోయ్, చెడిపోయిందా?”

“లేదు బావా. వేరేచోట పెట్టమన్నారు.”

బావ నిచ్చెనను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. “సరేలే, నువ్వు మాత్రం ఏం చేస్తావ్? నేనున్నాగా,” అన్నాడు.

నెల తిరగకముందే బళ్లు పాత దూకుడుకొచ్చేశాయి. ఏడో వారంలో, బడి వదిలిన వేళ, ఒక వ్యాను మలుపు తిరిగి ఆగలేకపోయింది. బావ ఇద్దరు పిల్లల్ని పక్కకు నెట్టేశాడు. తను తప్పుకోలేకపోయాడు.

పదిహేను రోజులకు ఇంజనీరు ఫైలు పట్టుకొచ్చాడు. “మలుపుకి కొత్త కెమెరా మంజూరైంది. ప్రాణం పోయినచోట వెంటనే పెట్టాలని రూలుంది,” అన్నాడు, అతని మొహంలోకి చూడలేక.

“నా వల్ల కాదండీ,” అన్నాడు మెకానిక్. వేరే మనిషి వెళ్లి బిగించాడు.

ఆ సాయంత్రం మెకానిక్ అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె మంచం మీద కూర్చుని బావ చొక్కాలు మడతపెడుతోంది.

“అక్కా, ఆ కెమెరా తీసింది నేనే.”

“తెలుసురా. ఆ రోజే చెప్పారు మీ బావ. ‘వాడు కుమిలిపోతున్నాడు, నువ్వేమీ అనకు’ అన్నారు.”

మెకానిక్‌కి దుఃఖం ఆగలేదు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అక్క ఓదార్చలేదు. అతను తేరుకునేదాకా ఆగి, చొక్కాలు పక్కన పెట్టింది.

“ఆయన మాట మీద ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక నా వల్ల కాదురా. అనాల్సింది నా కడుపులో చాలా ఉంది.”

“అను అక్కా.”

అంది. చీకటి పడేదాకా అంటూనే ఉంది. అతను తల వంచుకుని, ఒక్క మాటకీ అడ్డు చెప్పకుండా విన్నాడు.