ఎర్ర దుప్పటి అంచు

విమానం ముందు చక్రం పక్కన మోకాలు ఆనించి, పిన్ను లాగి, రెండడుగులు వెనక్కి వేసి చెయ్యి పైకెత్తాడు జెండా మామ. జానెడు ఇనప పిన్ను, దాని చివర మూరెడు ఎర్ర గుడ్డ. ట్రాక్టరు విమానాన్ని వెనక్కి నెట్టేటప్పుడు ముందు చక్రం పైలట్ మాట వినకుండా చేసేది ఆ పిన్నే. దాన్ని తీసేశారని పైలట్ కళ్ళారా చూసి బొటనవేలు ఎత్తితేనే బయల్దేరడం. కంపెనీవాళ్ళు ఇచ్చిన రిబ్బను ఎప్పుడో చిరిగిపోతే, పాత దుప్పటి అంచు కత్తిరించి కుట్టింది ఆయన భార్య.

తల నెరిసేదాకా అదే పని. చెయ్యి ఎత్తీ ఎత్తీ కుడి భుజం కాస్త పైకి నిలిచిపోయింది. ఇంటికి తాళం వేసినా అంతే, తాళంచెవి ఎత్తి భార్యకు చూపిస్తాడు. ఆవిడ బొటనవేలు ఎత్తేదాకా మెట్టు దిగడు. "నా ఖర్మ, పైలట్‌నైపోయాను" అంటుందావిడ.

మధ్యాహ్నపు విమానం వెళ్ళిపోయింది. ఆయన చేత్తో పంపే ఆఖరిది అదే. అందరూ చుట్టుముట్టి చేతులు కలుపుతుంటే, పిన్ను ప్యాంటు జేబులో వేసుకుని వాళ్ళ మధ్యే నడిచి వచ్చాడు. గ్లవ్స్ తీసి, ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడిగాడు.

రేపటి నుంచి ఇక్కడికి రోజుకు ఒక్క విమానమే. చాలామంది ఉద్యోగాలు పోయాయి. సాగనంపే పనిలో ఇక్కడ ఒకరికి, పెద్ద విమానాశ్రయంలో ఒకరికి చోటు మిగిలింది. ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆయన నోట చెల్లెమ్మ అయిపోయిన అమ్మాయికి మంచం పట్టిన తల్లిని వదిలి కదిలే వీల్లేదు. "మేం ఇద్దరమేగా, ఎక్కడైనా బతుకుతాం. నేను పోతా" అని ముందే చెప్పేశాడు మామ.

మేనేజరు మాత్రం ఇంకా నసిగాడు. "ఆ అమ్మాయి ఎప్పుడూ మీ పక్కనుండి చేసిందేగా మామా. రేపేదైనా తేడా వస్తే ఈ ఒక్క ఉద్యోగం కూడా కాంట్రాక్టుకి ఇచ్చేస్తారు."

"సాయంత్రం విమానం తనొక్కతే పంపుతుంది. మేం పోయేదీ అందులోనే, నేను లోపల కూర్చుంటా. మీరు పక్కనే నిలబడి చూడండి. ఈత నేర్పినవాడు ఎప్పుడో ఒకప్పుడు ఒడ్డెక్కాలి కదా సార్!"

సాయంత్రం కిటికీ పక్కన కూర్చున్నాడు. విమానం ఎక్కడం అదే మొదలు. "ఇన్నేళ్ళూ బయటినుంచి సాగనంపారు. ఇవాళ్టికి లోపలికి రానిచ్చారు మిమ్మల్ని" అంది భార్య. ఆయనకు నవ్వే తీరిక లేదు. కింద చెల్లెమ్మ ట్రాక్టరు దగ్గరికి నడిచింది. పిన్ను తగిలించే కొక్కెం వైపు చూసి ఆగిపోయింది. కొక్కేనికి పిన్ను లేదు!

మేనేజరు కట్టుకున్న చేతులు విప్పాడు. జెండా మామ కిటికీకి ముఖం ఆనించాడు. "ఎక్కడ పారేసిందీ పిల్ల? పరువు తీసిందే!"

చెల్లెమ్మ వెతకలేదు, పరుగెత్తలేదు. కిటికీల వరస వైపు తలెత్తి చూసి, మెట్లెక్కి లోపలికి వచ్చింది. సీటు దగ్గర వంగి, మెల్లగా అరచెయ్యి చాపింది.

"అన్నా, పిన్ను."

జేబు తడుముకున్నాడు. "చచ్చాం!"

"ఇంటి దొంగే" అంది భార్య.

"మధ్యాహ్నం మీ చుట్టూ జనాన్ని చూసినప్పుడే అనుకున్నా అన్నా, తగిలించడం మరిచిపోయుంటారని" అంది చెల్లెమ్మ.

ఆమె వెనకే వచ్చిన మేనేజరు పకపకా నవ్వాడు. "కాంట్రాక్టుకి ఇవ్వాల్సింది మిమ్మల్ని మామా! ఈ అమ్మాయి గురించి ఇక నాకు బెంగలేదు."

సిగ్గుతో చితికిపోవలసినవాడు, సీట్లో వెనక్కి వాలి తృప్తిగా ఊపిరి వదిలాడు. తలుపు మూశారు. విమానం వెనక్కి కదిలి ఆగింది. ఆమె పిన్ను లాగి, రెండడుగులు వెనక్కి వేసి, పైలట్‌కు చూపించింది. తర్వాత ఈ కిటికీ వైపు తిరిగి మళ్ళీ ఎత్తింది.

ఆయన కళ్ళు తడిశాయి. గర్వంతోనే తడిశాయి. జీవితంలో మొదటిసారి తనే బొటనవేలు ఎత్తాడు.

విమానం మలుపు తిరిగింది. చెల్లెమ్మ ట్రాక్టరు దగ్గరికి వెళ్ళి, మరిచిపోకుండా పిన్నును కొక్కేనికి తగిలించింది. గాలికి ఆ ఎర్ర దుప్పటి అంచు ఆగకుండా ఊగుతూనే ఉంది.