మూడు రోజుల సెలవు

“బయట చేరితివా? అయితే రోలు కాడికి రావాకు, ఏదీ ముట్టుకోవాకు,” అంది అత్తగారు గౌరమ్మ. లీలావతి తల వంచుకొని పెరటి వసారాలోకి నడిచింది. చాప పరుచుకున్నాక కొంగు నోట్లో కుక్కుకొని మరీ నవ్వింది. మైలా లేదు, మన్నూ లేదు. దానికింకా పది రోజులుంది.

బళేపేటకు కాపురానికొచ్చి మూడు నెలలు. యాభై ఎనిమిదిలో అనంతపురం కాలేజీలో బి.ఏ. పాసైన పిల్లకు ఈ ఇంట్లో అన్నీ ముద్దుగానే ఉన్నాయి. మిద్దె మీది చలిగాలి ముద్దు, భర్త శ్రీనివాసులు బట్టల కొట్టు నుంచి జేబులో దాచి తెచ్చే మల్లెపూలు ముద్దు. కూర్చోవడమొక్కటే లేదు. తొమ్మిది మందికి పిండి రుబ్బి, నీళ్ళు తోడి, అంట్లు తోమి నడుం వాల్చబోతే “చదువుకున్న పిల్లకు ఒళ్ళు వంగదు” అన్న మాట ఏ మూల నుంచో వచ్చేది. అలిసిపోయానంటే వినే నాథుడు లేడు. మైలంటే మాత్రం ఇల్లంతా తప్పుకొని దారిస్తుంది! ఈ కిటుకు తట్టిన రోజు ఆమెకు మళ్ళీ పరీక్ష పాసైనంత సంబరం. మూడు రోజులు, ఒక నవల, ఎవరో వడ్డించిన అన్నం.

రెండో రోజు పొద్దున బొడ్డు చుట్టూ మెలిపెట్టింది. వాంతి అయింది. మధ్యాహ్నానికి నొప్పి కుడివైపు కిందికి దిగి అక్కడే పాతుకుంది. కాలు చాపలేకపోయింది, నిలవలేకపోయింది, పడుకోలేకపోయింది. నవలలో ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ చదివింది. “ఆ దినాల్లో మామూలే,” అని అత్తగారు వాము పొట్లం దూరం నుంచి విసిరింది.

సాయంత్రం శ్రీనివాసులు ఉండబట్టలేక డాక్టరును పిలుచుకొచ్చాడు.

“ఎక్కడమ్మా నొప్పి?”

“పొత్తికడుపప్పా,” గౌరమ్మే చెప్పింది. “బయట ఉండాది, రెండో దినం. ఆడోళ్ళకు వచ్చేదే.”

“ఓ, అదా.” ఆయన సంచి మూసేశాడు. “మాత్రలిస్తా. తగ్గకపోతే ఎల్లుండి చూద్దాం.”

ఎల్లుండి! నిజం చెప్తే పేటంతా నవ్వుతుంది, చచ్చేదాకా దెప్పుతారు. చెప్పకపోతే ఆ చచ్చేది ఎల్లుండికే కావచ్చు. డాక్టరు చెప్పులు గడప దాటుతున్నాయి.

“నేను బయట లేను!” అని అరిచింది. “పని తప్పుతుందని అబద్ధం చెప్పాను. ఇది ఆ నొప్పి కాదు, డాక్టరుగారూ.”

“అయ్యో, ఇదేం ఆడదప్పా!” అని గౌరమ్మ నోరు నొక్కుకుంది.

డాక్టరు వెనక్కొచ్చి కుడివైపు మెల్లగా నొక్కి, చటుక్కున చెయ్యి తీశాడు. తీసినప్పుడే లీలావతి ప్రాణం పోయినట్టు కేకేసింది.

“అపెండిసైటిస్. పగిలేలోగా కోసి తీసెయ్యాలి. జట్కా పిలవండి.”

జట్కాలో శ్రీనివాసులు ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. “పిచ్చిదానా, నన్నడిగుంటే అమ్మతో చెప్పి నేనే ఒక దినం సెలవు ఇప్పించుందును కదా.”

ఎంత ప్రేమగా అన్నాడు! అందుకే మరీ మండింది.

“బతికొస్తే ఇంక ఎవర్నీ అడగను,” అంది పళ్ళు బిగించి. “అలిసిన రోజు అలిశానని చెప్పి నడింట్లోనే చాప వేసుకుంటాను. మీరంతా దాటుకొని పోండి.”