లక్ష్మీరాజం చెప్పిన ఈడు

గంగవ్వను చంపింది రక్త క్యాన్సర్ కాదు, ఆమె తోడబుట్టిన అన్న లక్ష్మీరాజం. ఆమె మొగుడు భీమన్న దృష్టిలో ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆర్మూర్‌లో లక్ష్మీరాజం పసుపు దలాలు. రైతు తన కుప్ప పక్కన నోరు మూసుకుని నిలబడాలి, దలాలు మాట్లాడాలి. అక్కడి పద్ధతి అది. మొదట ఆకాశమంత ధర చెప్పడం, కొనే సేటు మొహం చిట్లిస్తే మెట్టు మెట్టుగా దిగడం. బాల్కొండ నుంచి పసుపు తెచ్చిన ప్రతిసారీ భీమన్న కూడా అట్లాగే బావ వెనక నిలబడ్డాడు.

తొంభై మూడులో, పసుపు ఉడకబెట్టే రోజుల్లో గంగవ్వకు జ్వరం పట్టుకుంది. పొయ్యి సెగ అనుకున్నారు. చిగుళ్ల నుంచి నెత్తురు వస్తే వేపపుల్ల గుచ్చుకుందనుకున్నారు. తొడల మీద నల్లటి మచ్చలు లేచాకే నిజామాబాద్ పోయారు. అక్కడి డాక్టరు నెత్తురు పరీక్ష చేసి, రోగం పేరు చెప్పి, హైదరాబాద్ పొమ్మన్నాడు.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

"ఇది ఆగే రోగం కాదు. గట్టి మందు ఎక్కించాలి. ఆ మందు రోగాన్ని చంపుతుంది, వయసు మీదపడ్డ మనిషినీ చంపొచ్చు. పెద్దమ్మకు ఎన్నేళ్లు?"

భీమన్న నోరు తెరిచేలోపే లక్ష్మీరాజం కండువా సర్దుకున్నాడు.

"డెబ్బై దాటినయ్ మేడం. ముసల్ది. జర దయ చూడుండ్రి."

బల్ల మీద కూర్చున్న గంగవ్వ నవ్వింది. పళ్ల సందుల్లో ఎరుపు. "ఓ అన్నా, నన్ను నీకన్న ముసల్దాన్ని చేస్తివి గదనే! ఇగ నువ్వే నా కాళ్లు మొక్కాలె."

"కాదమ్మా," అన్నాడు భీమన్న. "రజాకార్ల యేడు గీమె పద్నాలుగేండ్ల పిల్ల. అరవై సుత నిండలే."

"నువ్వూకో బావా. నా చెల్లె ఈడు నాకెర్క లేదా?"

డాక్టరమ్మ లక్ష్మీరాజం తెల్లధోతిని చూసింది, భీమన్న మట్టికాళ్లను చూసింది. ధోతి మాటే నమ్మింది. ఆ వయసుకు గట్టి మందు వద్దంది. నెత్తురు ఎక్కించి, గోళీలు ఇచ్చి పంపుతామంది.

వరండాలో భీమన్న బావ రెక్క పట్టుకున్నాడు. "ఎందుకట్ల చెప్పినవ్?"

"ముసల్దంటే జాలిపడి మంచిగ చూస్తరనుకున్న. బేరమాడితే దిగుదామనుకున్న బావా. ఆమె ఆడనే లేదు గదా!"

మర్నాడు భీమన్న ఒక్కడే లోపలికి పోయాడు. కుర్చీలో వేరే డాక్టరున్నాడు. "నిన్న డెబ్బై, ఇయ్యాల అరవయ్యా? రేపటికి పెండ్లిపిల్లను చేస్తవా తాతా?" అని నవ్వి, నిన్నటి చీటీ మార్చకుండానే పంపేశాడు.

ఉడకబెట్టిన పసుపు ఎండకముందే గంగవ్వ పోయింది.

తర్వాత నిజామాబాద్ డాక్టరు ఓదార్చబోయాడు. అరవై దగ్గరపడ్డ ఈడులో మందు ఇచ్చినా బతికేది పదిమందిలో ఇద్దరో ముగ్గురో, అదీ ఒక యేడో రెండేళ్లో అన్నాడు.

"గా యేడు నాకు సాలు సారూ," అన్నాడు భీమన్న.

దినాలనాడు లక్ష్మీరాజం గడప దగ్గర కూలబడి ఏడ్చాడు. "తప్పయింది బావా. ఒక్క మాటన్న తిట్టు."

"తిడితే నీ పాణం సల్లవడ్తది. అందుకే తిట్టనే తిట్ట. గంగ ముచ్చట నీ ముందట గాదు, ఎవ్వని ముందటా ఇగ నా నోట రాదు. లే. బస్సు పోతది."